నాడి ఆగి ఆగి నడిచినప్పుడు

మానవ శరీరంలో జననం మొదలు చివరి శ్వాస వరకు విశ్రాంతి ఎరుగని అవయవం హృదయం. ఆరోగ్యవంతులైన పెద్దలలో అది నిమిషానికి 60 నుండి 100 సార్లు, రోజు మొత్తంలో సుమారు లక్షసార్లు స్పందిస్తుంది. అట్టి హృదయం ఒక్క క్షణం ఆగినట్లు తోచగానే కొందరు ప్రాణం మీద ఆశ వదులుకొని వైద్యుని వద్దకు పరుగెత్తుకొని వస్తారు. మరికొందరు గుండె నిజంగానే ఆగి ఆగి నడుస్తున్నా అది వడదెబ్బ అనో, పైత్యమనో, గాలి సోకిందనో భావించి ఇంటనే కాలక్షేపం చేస్తారు. కర్నూలు, కడప జిల్లాలలో వైద్యం చేస్తున్న నాకు ఈ రెండు తెగలవారూ తరచుగా తారసపడుతుంటారు. మొదటివారి భయం పోగొట్టడానికి, రెండవవారిలో కొంత భయం కలిగించడానికి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

శాస్త్రం చెప్పిన లక్షణాలు

బొటనవ్రేలి మూలంలో స్పందించే నాడిని శార్ఙ్గధరుడు జీవసాక్షిణి అన్నాడు. వాతనాడి పాము, జలగల వలె, పిత్తనాడి కాకి, కప్పల వలె, కఫనాడి హంస, పావురాల వలె నడుస్తుందని పోల్చి చెప్పాడు. మాటిమాటికీ ఆగుతూ నడిచే నాడి ప్రాణాపాయ సూచకమని హెచ్చరించాడు. దీనిని సగం విన్నవారు, ఒక్కసారి తడబడిన నాడిని సైతం మృత్యుసూచనగా భావించి బెదిరిపోతారు. శాస్త్రం చెప్పినది పదేపదే ఆగే నాడిని గురించి మాత్రమేనని గ్రహించవలెను.

చరకాచార్యులు హృద్రోగాన్ని ఐదు విధాలుగా విభజించారు. వాతజ హృద్రోగంలో వణుకు, స్తంభనం, మూర్ఛ, గుండె శూన్యమైనట్లుండడం, దడ కలుగుతాయన్నారు. శోకం, ఉపవాసం, అతిశ్రమ, రూక్షమైన అల్పాహారం దీనికి కారణాలన్నారు. కరవు సంవత్సరాలలో మన సీమ రైతు జీవితాన్ని చూచినవారికి ఈ కారణాలను వేరుగా వివరించనక్కరలేదు.

ఆగినది నాడియా, గుండెయా?

ఇది మొదట తేల్చవలసిన విషయం. హృదయపు కుడి పై గదిలో ఉన్న చిన్న కణుపు విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. అది మధ్యనున్న మరొక కణుపు ద్వారా క్రింది గదులకు చేరి గుండెను ముడుచుకొనేలా చేస్తుంది. ఒక్కొక్కప్పుడు గుండెలో మరొక చోట ప్రేరణ పుట్టి, స్పందన ముందుగానే వస్తుంది. అప్పటికి గుండె రక్తంతో నిండి ఉండదు కనుక ఆ స్పందన బలహీనమై మణికట్టు దాకా చేరదు. తరువాత కొంచెం విరామం, దాని వెంట ఒక బలమైన స్పందన వస్తాయి. రోగికి గుండె ఆగి మళ్ళీ ఎగిరిపడినట్లు తోస్తుంది. నిజానికి గుండె ఆగలేదు. నాడి మాత్రమే తప్పింది.

నాడి వేరు, గుండె వేరు అన్న సంగతి యోగుల విషయంలోనూ ఋజువైంది. గుండెను ఆపగలమన్న యోగులను వెంగర్, బాగ్చి, ఆనంద్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించి 1961లో ఫలితాలను ప్రకటించారు. శ్వాసను బిగబట్టి రొమ్ము కండరాలను బిగించినప్పుడు మణికట్టున నాడి అందకపోయినా, ఇ.సి.జి.లో గుండె పనిచేస్తూనే ఉన్నట్లు కనబడింది.

భయపడనక్కరలేనివి

యువకులలో గాలి పీల్చినప్పుడు నాడి వేగం హెచ్చడం, విడిచినప్పుడు తగ్గడం సహజం. గాఢనిద్రలో గుండె నెమ్మదించడం, వ్యాయామం అలవాటున్న వారిలో రెండు సెకన్ల వరకు విరామం రావడం కూడా సాధారణంగా దోషం కాదు. నిద్రలేమి, దిగులు, అతిగా కాఫీ టీలు, బీడీ, సిగరెట్, మద్యం, రాత్రివేళ కడుపు నిండా భోజనం, ఇవన్నీ అకాల స్పందనలను పుట్టించగలవు. గుండె జబ్బు, రక్తహీనత, థైరాయిడ్ దోషం లేవని పరీక్షలో తేలితే వీటిని మానుకోవడమే చాలావరకు చికిత్స.

మన ప్రాంతంలో మరొక కారణం ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మనకు తెలిసినదే. చెమటతో నీరు, లవణాలు పోయినప్పుడు గుండె లయ తప్పుతుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, నన్నారి షర్బతు మన పెద్దలు ఏర్పరచిన చక్కని రక్షణ. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు కొబ్బరినీళ్లు, పండ్లరసాలు వైద్యుని అడగనిదే త్రాగరాదు. రక్తంలో పొటాషియం హెచ్చి గుండె మందగించే ప్రమాదం ఉంది. రక్తపోటు, ఉబ్బు ఉన్నవారు ఉప్పు విషయంలో వైద్యుని సలహా పాటించవలెను.

తప్పక భయపడవలసినవి

మేలుకొని ఉండగా మూడు సెకన్లు, అంతకు మించి గుండె ఆగితే పరీక్ష అవసరం. విరామం మరికొంత సాగితే మెదడుకు రక్తం అందక మనిషి కుప్పకూలిపోతాడు. మొదటి కణుపు అలసిపోవడం, ప్రేరణ క్రింది గదులకు చేరకుండా అడ్డగింపబడడం, ఈ రెండూ ముఖ్య కారణాలు. వార్ధక్యం, గుండెపోటు వీటికి దారితీస్తాయి. రక్తపోటుకు వాడే అటెనొలాల్, డిల్టియాజెమ్, గుండెకు వాడే డిగాక్సిన్ వంటి మందులు కూడా కొందరిలో గుండెను మితిమీరి నెమ్మదింపజేస్తాయి. అట్టివారు మందును తమంత తాము మానరాదు. వ్రాసిన వైద్యునికి వెంటనే తెలియజేయవలెను.

కోయిలకుంట్ల ప్రాంతం నుండి డెబ్బై దాటిన ఒక రైతును కుమారులు నా వద్దకు తీసుకొని వచ్చారు. "ఎండకు తిరిగి తిరిగి ఒళ్లు వేడి చేసినాది సామీ, కండ్లు తిరిగి పడిపోతాండాడు" అన్నారు. ఎప్పుడెప్పుడు పడినాడని విచారించగా మూడుసార్లలో ఒకటి సంక్రాంతి ముందటి చలిరాత్రి, మంచం మీద కూర్చుని ఉండగా అని తేలింది. చలిరాత్రి వడదెబ్బ ఎలా తగులుతుంది? నాడి నిమిషానికి 36 మాత్రమే. చూర్ణమో, కషాయమో ఇవ్వమని వారు కోరినా ఇవ్వక, అప్పటికప్పుడు కర్నూలులోని గుండె వైద్యుల వద్దకు పంపించాను. ప్రేరణకు అడ్డు ఏర్పడిందని నిర్ధారించి వారు పేస్‌మేకర్ అమర్చారు. ఆయన ఈనాటికీ చేనికి పోయివస్తున్నాడు.

ఒంట్లో బ్యాటరీ ఏమిటని సంకోచించే వారికి ఒక మాట. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి తొలిసారిగా ఈ యంత్రాన్ని శరీరం లోపల అమర్చారు. తొలి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. అయినా తరువాత ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకొంటూ ఆయన 2001 వరకు, 86 సంవత్సరాల వయస్సు దాకా జీవించాడు.

విషాల విషయం

పూజకు పూలిచ్చే గన్నేరు, పచ్చగన్నేరు మొక్కలు మన పెరళ్లలో సర్వసామాన్యం. వాటి ఆకు, గింజ, వేరు తిన్నవారి గుండె మందగించి ఆగిపోగలదు. పిల్లలుగాని, క్షణికావేశంలో పెద్దలుగాని తిన్నట్లు తెలిస్తే పసర్లు పోస్తూ, వాంతులు చేయిస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సరిగా శుద్ధి చేయని వత్సనాభి కలిసిన మాత్రలు కూడా గుండె లయను చెరుస్తాయి. పేరూ ఊరూ లేని మందులు కొనరాదు.

ఇంటి చికిత్స

తెల్లమద్ది (అర్జున) బెరడు హృదయానికి హితమని మన గ్రంథాలు చెప్పాయి. 5 గ్రాముల బెరడు చూర్ణానికి 40 మి.లీ. పాలు, 160 మి.లీ. నీరు కలిపి, పాలు మాత్రమే మిగిలేవరకు సన్నని మంటపై మరిగించి, వడగట్టి వైద్యుని సలహాపై ఉదయం సేవించవలెను. నల్లమల అడవులలో విరివిగా లభించే నల్లమద్ది బెరడును దీనిగా పొరబడరాదు. నాడి 50కి తక్కువ ఉన్నవారు, ఇంగ్లీషు మందులు వాడుతున్నవారు తమంతట తాము వాడరాదు. ఇది హృదయ బలానికి ఉద్దేశించినదే గాని, ప్రేరణకు కలిగిన అడ్డును తొలగించే మందు కాదు.

మలబద్ధకంతో బలంగా ముక్కేటప్పుడు కూడా నాడి మందగించి కొందరు మూర్ఛపోతారు. రాత్రి ఒక చెంచా త్రిఫలాచూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చు. మలమూత్రాది సహజ వేగాలను ఆపుకొనరాదని చరకుడు ప్రత్యేకించి చెప్పాడు.

ప్రతి ఇంటా నేర్వదగిన పని

ఉదయం పరగడుపున, శ్రమ చేయక ముందు, బొటనవ్రేలి మూలానికి దిగువన మూడు వేళ్లు ఆనించి నాడిని చూడండి. పావు నిమిషం లెక్కించి నాలుగింతలు చేస్తే విరామాలు తప్పిపోతాయి. పూర్తి నిమిషం లెక్కించండి. ఎన్ని కొట్టుకొన్నది, ఎన్నిసార్లు ఆగినది, అప్పుడు కళ్లు చీకట్లు కమ్మాయా అన్నది ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. గుండె వైద్యుడు 24 గంటల హోల్టర్ పరీక్ష చేయించవలెనా అని నిర్ణయించడానికి ఈ లెక్క ఎంతో తోడ్పడుతుంది.

మూర్ఛ, రొమ్ములో నొప్పి, ఆయాసం, నాడి 50కి తక్కువై నీరసం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లవలెను. మనిషి పడిపోయి పలకక, శ్వాస సరిగా లేకపోతే చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం పనికిరావు. ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, పెద్దవారికైతే 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సహాయం వచ్చేవరకు ఆపకుండా నొక్కుతూ ఉండాలి.