నేల ఉసిరిక చెప్పిన సాక్ష్యము

ఇబ్రహీంపట్నమునకు ఒకవైపు కొండపల్లి కొండలు, మఱియొకవైపు కృష్ణానది, నడుమ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. అచ్చటి చేలగట్లపై వానలు పడినంతనే జానెడెత్తున లేచు మొక్క యొకటి కలదు. ఆకుల యడుగున ఆవగింజలంతేసి కాయలు వరుసగా గ్రుచ్చినట్లుండును. రైతు దానిని కలుపనుకొని పెఱికి పాఱవైచును. ఇంటిలో నెవ్వరికైనను కామెర్లు సోకినచో నా రైతే తెల్లవాఱుజామున దానికొఱకు గట్టు గట్టును వెదకును. నేల ఉసిరిక పేరు వినని తెలుగు కుటుంబ మరుదు.

ఈ కలుపుమొక్క 1988లో లాన్సెట్ అను ఆంగ్ల వైద్యపత్రిక కెక్కినది. మద్రాసులో త్యాగరాజన్ ప్రభృతులును, హెపటైటిస్ బి వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమానము నందిన బ్లుంబెర్గును కలిసి యా పరీక్షను ప్రకటించిరి. రక్తమున నా వైరసును మోయుచున్న వారిలో 37 మందికి నెలదినములు ఈ మొక్క పొడి నిచ్చిరి. 23 మందికి చూపునకు మందువలె నుండు వట్టి గుళికల నిచ్చిరి. పొడి తినినవారిలో 22 మందికి వైరసు గుర్తు రక్తమున కనబడకపోయెను. రెండవ తెగలో నట్లయినవా డొక్కడే. మన పెరటి వైద్యము గెలిచినదని దేశమున పలువురు సంతసించిరి.

ఆ సంతోషము నిలువలేదు. థాయిలాండు మొదలగు దేశములలో మఱల పరీక్షింపగా నా ఫలము కానరాలేదు. పిమ్మట పెక్కు పరీక్షలను కలిపి తూచినవారికిని నమ్మదగిన నిదర్శనము చిక్కలేదు. కారణమేమి? నేల ఉసిరిక యను పేరు ఒక్క మొక్కది కాదు. చూపునకు కవలలవలె నుండు జాతు లనేకము లా పేరున చెల్లుచున్నవి. నేలనుబట్టి, కోసిన కాలమునుబట్టి, ఎండబెట్టిన తీరునుబట్టి గుణము మాఱును. లేక, ఆ మొదటి ఫలమే కొలదిమందిని చూచుటవలన కలిగిన భ్రమయో! మఱి యింటింట తగ్గిన కామెర్ల మాటేమందురా? కలుషితజలమువలన వచ్చు కామెర్లు పెక్కురకు విశ్రాంతిచే వాటంతట నవియే తగ్గును. ఆ దినములలో ఏ పసరు త్రాగిన దానికే కీర్తి దక్కును. వట్టి గుళికల తెగ లేని పరీక్ష యేల నమ్మరానిదో దీనివలన తేటపడును. ఈ కథ విని ఆయుర్వేదాభిమానులు చిన్నబుచ్చుకొనుటయు, ఆంగ్లవిద్యాధికులు నవ్వుటయు మేమెఱుగుదుము. ఇరువురకును పరిశోధనయం దాసక్తి లేదనియే మా యభిప్రాయము.

సర్పగంధ కథ దీనికి ప్రక్కన నుంచి చూడవలెను. ఉన్మాదమునకును, నిద్రలేమికిని ఆ వేరును మన వైద్యులు చిరకాలముగా వాడుచుండిరి. 1931లో కలకత్తాలో గణనాథసేనుడును, కార్తికచంద్ర వసువును అది రక్తపుపోటును తగ్గించునని వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగుల పోటును కొలిచి, లెక్కగట్టి, బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించెను. అంతట లోకము మేల్కొనెను. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీవారు ఆ వేరునుండి రెసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. అధికమాత్రలో నది మనస్సును క్రుంగదీయునని పిమ్మట తెలిసినది. మంచియు చెడ్డయు రెండును కొలతవలననే బయటపడినవి. వేరు మనది, తొలి లెక్కలు మనవి, ఔషధము మాత్రము బాసెలు నగరముది. దీనికి పరుల ననుటకంటె మనకప్పు డట్టి ప్రయోగశాల లేమిని తలచుకొనుట మేలు.

మన ముంగిళ్ళలోని బిళ్ళగన్నేరు గతియు నిట్టిదే. మధుమేహమున కుపయోగించునేమోయని 1950ల దశకమున కెనడాలో నోబుల్, బీర్ అనువారు పరీక్షింపగా చక్కెర తగ్గలేదు గాని రక్తమునందలి తెల్లకణములు తగ్గెను. ఆ వింతను విడువక పట్టుకొనుటచే విన్‌బ్లాస్టిన్ లభించెను. అమెరికాలో లిల్లీ కంపెనీవారికి విన్‌క్రిస్టిన్ దొరకెను. పసిపిల్లల రక్తపు క్యాన్సరునకు విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యౌషధము. మనమో, ఆ పూలను కోసి దేవుని పటమునకు పెట్టుచుంటిమి.

1921లో ఢిల్లీలో టిబ్బియా కళాశాలను తెఱచుచు మహాత్ముడు పాశ్చాత్యశాస్త్రజ్ఞుల పరిశోధనాతృష్ణను కొనియాడెను. మనవారిలో నది కొఱవడినదని దాచక చెప్పెను. పాశ్చాత్యనాగరికతను తూలనాడిన యాయనయే యా మాట యనుట గమనింపదగును. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుకు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు ధరించినందులకు పూర్తి పట్టము దక్కలేదు. ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించుచు, మన యోషధులను నవీనపరీక్షకు నిలుపగోరెను. పిదప అమెరికాకేగి లెడర్లీ ప్రయోగశాలలో నతడు నడపిన పరిశోధనల ఫలమే మన డెల్టా యెఱిగిన బోదకాలు మందు. కాని యది మూలికనుండి వచ్చినది కాదు. ఆయన తొలికోరిక యటులే నిలిచిపోయినది.

నేడు సాధనము లున్నవి. విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేర ప్రభుత్వాయుర్వేద కళాశాలయు, సిద్ధార్థ వైద్యకళాశాలయు నున్నవి. ఈ రెండిటి నడుమ దూరము స్వల్పము, రాకపోకలు మఱింత స్వల్పము. కామెర్లతో వచ్చు రోగి యేమి త్రాగెను, ఏ మొక్క, ఎన్నినాళ్ళు, రక్తపరీక్ష యేమి చెప్పెను అని యొక్క చిట్టాలో ఇరువురును వ్రాసికొనిన చాలును. మూలికపై లాభము వచ్చినచో దానిని చూపినవారికి పాలుండవలెనని 2002 నాటి జీవవైవిధ్య చట్టము చెప్పుచున్నది. చిట్టా లేనిచో ఎవ్వరు చూపిరో తేల్చుటెట్లు?

కొండ మాటయు నొకటి కలదు. 2020, 2021 సంవత్సరములలో కొండపల్లి యడవిలోని గ్రావెలు త్రవ్వకములపై వివాదము చెలరేగెను. బొమ్మలు చెక్కువారు తెల్లపొణికి కఱ్ఱ దొరకుట లేదని మొఱపెట్టుచునే యున్నారు. పొణికిని బొమ్మలవా రడుగుదురు గాన దాని లేమి మనకు తెలియవచ్చినది. అడుగువారు లేని మొక్కలు ఎన్ని పోయినవో!

ఈ జిల్లా భూస్వాముల యిండ్లలో, అటుకలమీద, వైద్యపు తాళపత్రములకట్ట లింకను చెదలకు చిక్కక మిగిలియున్నచో వానిని దింపి చదివింపవలెను. అందు వ్రాసిన పేరు ఏ యాకుదో గట్టుమీద నిలిచి చూపగల ముసలివారు ఊరి కొకరో యిద్దరో యున్నారు. ఆ పని ఈ వానకాలముననే కావలెను.