క్యాన్సర్ చికిత్స కాలంలో పెంపుడు పిల్లి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని నిర్ధారణ అయిన వెంటనే బంధుమిత్రులు పరామర్శకు రావడం మన సంప్రదాయం. వచ్చిన వారి చూపు మొదట రోగి మీద, ఆ తరువాత రోగి కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకున్న పిల్లి మీద పడుతుంది. "ముందు దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అనే సలహా ఆ పూటే వెలువడుతుంది. వదిలివేసే పద్ధతి టౌన్‌షిప్ వాసులకు కొత్త కాదు. గోనెసంచిలో వేసి మూతి కట్టి, స్కూటరు మీద నాలుగైదు కిలోమీటర్లు తీసుకువెళ్ళి, చేపల మార్కెట్టు దగ్గర విప్పి రావడమే. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే క్షయ వస్తుందన్న పాత భయం ఈ సలహాకు బలం చేకూరుస్తుంది. వెంట్రుక కొందరిలో ఉబ్బసాన్ని రేపవచ్చును గాని క్షయకు దానితో సంబంధం లేదు. పిల్లికి క్యాన్సర్ వచ్చినా అది మనిషికి అంటదు.

అంతమాత్రాన ప్రమాదమే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. కర్మాగారంలో పనిచేసే మనకు ప్రమాద మూలం వేరు, అది మనిషిని చేరే మార్గం వేరు అని తెలుసు. విషవాయువు ఉన్నదని గ్యాస్ లైనును ఎవరూ పీకివేయరు. వాల్వు మూసి, బ్లాంక్ బిగించి, పర్మిట్ తీసుకుని పని చేస్తాము. పిల్లి విషయంలోనూ ఇదే దృష్టి అవసరమని నా అభిప్రాయం.

మొదట రోగి పరిస్థితిని గమనించాలి. కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను నాశనం చేస్తాయి. ఎముక మూలుగలో తయారయ్యే తెల్ల రక్తకణాలు కూడా అటువంటివే. వీటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం బాక్టీరియాపై మన ప్రథమ రక్షణ శ్రేణి. ఆరోగ్యవంతుని రక్తంలో ఇవి ఘనపు మిల్లీమీటరుకు సుమారు 2,000 నుండి 7,000 వరకు ఉంటాయి. అనేక మందుల విషయంలో, ఇచ్చిన తరువాత 7 నుండి 14 రోజుల మధ్య ఈ సంఖ్య కనిష్ఠ స్థాయికి దిగుతుంది. 500 కంటే తగ్గితే మామూలు గీత గాయం కూడా ప్రాణం మీదకు తేగలదు. కనుక జాగ్రత్త అన్ని రోజులలోనూ ఒకే మోతాదులో అవసరం లేదు. రక్త పరీక్ష నివేదిక చూసి, ఆ పది పన్నెండు రోజులు పిల్లిని పడకగది బయట ఉంచడం ఏ ఇంటికైనా సాధ్యమే.

పిల్లి పేరు చెప్పగానే వైద్యులు ముందుగా తలచేది టాక్సోప్లాస్మా అనే ఏకకణ జీవిని. 1908లో ట్యూనిస్ నగరంలో గుండి అనే ఎలుక జాతి జంతువులో దీనిని కనుగొన్నారు. అది పిల్లి పేగులలోనే సంపూర్ణ జీవితచక్రం సాగిస్తుందని తేలడానికి 1970 దాకా పట్టింది. ఆ నిరూపణలో పాలుపంచుకున్న వారిలో మన దేశంలో జన్మించి, మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో పశువైద్యం చదివిన జితేందర్ ప్రకాష్ దూబే ఒకరు కావడం విశేషం.

ఈ జీవి ప్రవర్తన తెలిస్తే సగం భయం తీరుతుంది. పిల్లికి ఇది సాధారణంగా ఎలుకనో పిట్టనో పచ్చి మాంసాన్నో తినడం వలన సోకుతుంది. తొలిసారి సోకినప్పుడు ఒకటి నుండి మూడు వారాల పాటు మలంలో కోట్లాది సూక్ష్మమైన గుడ్ల వంటి కణాలు వెలువడతాయి. ఆ తరువాత సాధారణంగా ఆగిపోతాయి. ఇంకొక ముఖ్య విషయం, తాజా మలంలోని కణాలకు సోకే శక్తి ఉండదు. ఆ శక్తి రావడానికి 1 నుండి 5 రోజులు పడుతుంది. అనగా ప్రతిదినం 24 గంటలు దాటకుండా మలం తీసివేస్తే ఈ మార్గం దాదాపు మూసుకుపోయినట్లే. పిల్లిని నిమరడం వలన ఈ వ్యాధి వచ్చే అవకాశం మిక్కిలి స్వల్పం. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, పెరటి మట్టి ఇంతకంటే పెద్ద మార్గాలు. ఇంటి పిల్లిని తరిమివేసి, వీధి పిల్లులు మలవిసర్జన చేసే మట్టిలో కొత్తిమీర పెంచుకునే కుటుంబాలు ఎన్ని లేవు!

పైగా క్యాన్సర్ రోగులలో ఈ వ్యాధి తలెత్తినప్పుడు, చాలావరకు అది ఏనాడో శరీరంలో చేరి నిద్రాణంగా ఉన్నది తిరగబెట్టడమే. పిల్లిని ఈరోజు పంపివేసినంత మాత్రాన అది తొలగదు. పాత సోకుడు ఉన్నదా లేదా అన్నది రక్త పరీక్షలో తెలుస్తుంది.

ఇసుక ట్రే శుభ్రపరచే పని రోగిది కారాదు. ఇది రాజీలేని నియమం. ఇంట్లో గర్భవతి ఉంటే ఆమె కూడా ఆ పని చేయరాదు. చేసేవారు చేతి తొడుగులు ధరించి, ధూళి లేవకుండా తీసి, సంచిలో మూటకట్టి పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ట్రేను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి నిశ్చింతగా ఉండేవారున్నారు. ఈ కణాలను బ్లీచింగ్ చంపలేదు, మరిగే నీరు చంపుతుంది. ట్రేను వంటగదికి, రోగి గదికి దూరంగా ఉంచాలి. ఆవరణలో రిపేరు పని కోసం పోసిన ఇసుక కుప్ప నుండి ఇసుక తెచ్చి ట్రే నింపడం మంచిది కాదు. ఆ కుప్పను అప్పటికే పేటలోని పిల్లులన్నీ వాడుకొని ఉంటాయి.

నా దృష్టిలో మలం కంటే కాటు, గీరు ఎక్కువ ప్రమాదకరం. పిల్లి కోరలు సూదుల వంటివి. పైకి చిన్న రంధ్రమే కనబడినా లోపల పాశ్చురెల్లా అనే బాక్టీరియా లోతుగా నాటుకుని, ఒక్క రోజులోనే చేయి వాచి ఎర్రబడవచ్చు. పిల్లి బొచ్చులో ఎగిరి దూకే చిన్న పురుగుల విసర్జన గోళ్ళకు అంటి, గీరుకున్నప్పుడు బార్టొనెల్లా అనే మరొక క్రిమి శరీరంలో ప్రవేశిస్తుంది. కూన పిల్లుల వద్ద ఇది అధికం. కావున పిల్లి గోళ్ళు కత్తిరించాలి, పురుగుల మందు క్రమం తప్పక వేయించాలి, రోగి దానితో చేతితో ఆటలాడరాదు. రొమ్ము వద్ద పోర్టు గాని, చేతికి గొట్టం గాని అమర్చి ఉంటే దానిని బట్టతో కప్పి ఉంచాలి. వ్రేలాడే గొట్టం పిల్లికి ఆటవస్తువు.

మన దేశంలో రేబిస్ సంగతి మరువరాదు. పిల్లికి ఏటేటా టీకా వేయించాలి. కరిచినా గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటిలో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళి, క్యాన్సర్ చికిత్స జరుగుతున్నదని ముందే చెప్పాలి. నిరోధక శక్తి తగ్గిన శరీరంలో టీకా ఒక్కటే చాలినంత రక్షణ ఇవ్వకపోవచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వవలసి వస్తుంది.

ఆహారం విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు. పిల్లికి పచ్చి చేప తల, కోడి పేగులు వేయరాదు, ఉడికించి పెట్టాలి. 2025 ప్రారంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. అదే ఏడాది గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలోనూ ఆ వ్యాధి ప్రబలిన విషయం విదితమే.

మెయింటెనెన్స్ విభాగంలోని ఒక మిత్రుని భార్యకు 2022లో రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగింది. వారింట తొమ్మిదేళ్ళ పిల్లి ఉన్నది. అత్తగారు పంపివేయమని పట్టుబట్టారు. ఆమె భర్తతో, "ఏవండీ, రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు నాతోపాటు మేలుకొని ఉండేది అదొక్కటే" అన్నదట. డాక్టరు గారు పిల్లిని ఉంచుకోవచ్చునన్నారు. ట్రే పని మిత్రునిదైంది. 'ఏ' షిఫ్టుకు వెళ్ళే రోజుల్లో తెల్లవారుజామున అయిదు గంటలకే ఆ పని ముగించేవాడు. కిటికీలకు దోమతెర బిగించి పిల్లి బయటకు పోకుండా చేశారు. అయితే పక్క క్వార్టరు పిల్లలు ముచ్చటపడి తెచ్చిచ్చిన కూనను మాత్రం డాక్టరు గారు వద్దన్నారు. అది సరియైన నిర్ణయం. చికిత్స కాలంలో కొత్త పిల్లిని, ముఖ్యంగా వీధి కూనను ఇంట్లోకి తేకూడదు. ఉన్న పిల్లికి విరేచనాలు గాని, చర్మంపై తామర వంటి పొక్కులు గాని కనబడితే నయమయ్యే వరకు రోగికి దూరంగా ఉంచాలి.

రోగి వలన పిల్లికి కలిగే ముప్పును చాలామంది ఆలోచించరు. జ్వరానికి వాడే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. చర్మానికి రాసే ఫ్లోరోయురాసిల్ లేపనాన్ని కొద్దిగా నాకినా ప్రాణాపాయమే. కీమో తరువాత కనీసం 48 గంటలు రోగి మూత్రంలో, వాంతిలో మందు ఉంటుంది కనుక కమోడ్ మూత వేసి ఉంచాలి. బయటి నుండి రేడియేషన్ ఇచ్చినప్పుడు రోగి శరీరం రేడియోధార్మికం కాదు, పిల్లి ఒడిలో కూర్చోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. దాని అర్ధాయువు 8 రోజులు, అది లాలాజలంలో, చెమటలో కూడా వెలువడుతుంది. ఆస్పత్రి చెప్పిన గడువు తీరేవరకు పిల్లిని మంచం మీదకు రానీయరాదు.

మూలకణ మార్పిడి చేయించుకునే వారికి నిరోధక శక్తి చాలా నెలలు అడుగంటి ఉంటుంది. వారి విషయంలో వైద్యులు పిల్లిని కొంతకాలం బంధువుల ఇంట ఉంచమంటే వాదించకుండా పాటించాలి. చివరగా ఒక మనవి. చికిత్సలో ఉన్నవారికి జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలకు చేరితే తెల్లవారే వరకు ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళి, ఇంట్లో పిల్లి ఉన్నదని, ఇటీవల గీరినదో లేదో డ్యూటీ డాక్టరుకు చెప్పండి. బార్టొనెల్లా వంటి క్రిములు మామూలు కల్చర్ పరీక్షలో సులభంగా పట్టుబడవు. పిల్లి సంగతి తెలిస్తేనే వైద్యుడు వాటి కోసం ప్రత్యేకంగా వెదుకుతాడు.