సిగ్నల్ లేని పొలాల్లో మట్టి నమూనాలు: ఆఫ్‌లైన్ పటాల వినియోగం

మట్టి నమూనా ఏ పొలానిదో కచ్చితంగా తెలిసినప్పుడే ఎరువుల సిఫారసుకు విలువ ఉంటుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకంలో నీటి వసతి గల భూముల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున అక్షాంశ, రేఖాంశాలతో సేకరించే పద్ధతిని పాటించారు. పాడేరు, చింతపల్లి వంటి కొండ ప్రాంతాల్లో మొబైల్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

జీపీఎస్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. ఫోను ఉపగ్రహ సంకేతాలను నేరుగా గ్రహిస్తుంది. ఇంటర్నెట్ కావలసింది పటానికే. కనుక బయలుదేరే ముందే పటాన్ని ఫోనులో భద్రపరచుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ చిత్రాన్ని నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఎంచుకుని, కావలసిన ప్రాంతాన్ని గడిలో ఇమిడ్చి డౌన్‌లోడ్ చేయాలి. ఈ పటాలకు గడువు ఉంటుంది కనుక అప్పుడప్పుడు నవీకరించుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ యాప్‌లలో కాలిబాటలు కూడా కనిపించే అవకాశం ఉంది. తరువాత మొబైల్ డేటా, వైఫై ఆపివేసి పటం తెరుచుకుంటున్నదీ లేనిదీ సరిచూసుకోవాలి.

నెట్‌వర్క్ లేనిచోట ఫోను తన స్థానాన్ని గుర్తించడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. కాఫీ తోటల దట్టమైన నీడలో కచ్చితత్వం తగ్గుతుంది. వీలైనంతవరకు ఆకాశం కనిపించేచోట నిలబడి స్థానం నమోదు చేయాలి. అంకెలను ఐదు దశాంశ స్థానాల వరకు రాయాలి. ఐదవ స్థానంలో ఒక అంకె తేడా సుమారు 1 మీటరు. మూడవ స్థానంలో అయితే సుమారు 110 మీటర్లు. చిన్న కమతాలున్నచోట ఆ తేడాకు ఒక రైతు మట్టి ఫలితం మరొక రైతు పత్రంలోకి చేరుతుంది.