అమ్మీ నడక వేగంతో జపాన్

పది రోజులు, ఏడు నగరాలు. టోక్యో, నిక్కో, కనజావా, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రంగు పెన్సిళ్లతో గీసిన ఆ ప్రయాణ పట్టికను చూసి మేమంతా మురిసిపోయాము. ఏ రైలు ఎన్ని గంటలకో, ఏ పూట ఎక్కడ తినాలో అన్నీ గడులు గీసి రాసి ఉన్నాయి. గుంటూరులోని మా ఇంట్లో ఆ కాగితం వారం రోజులపాటు చేతులు మారింది. చివరికి అది డెబ్బై దాటిన అమ్మీ చేతికి వచ్చింది. ఆమె కళ్లజోడు సవరించుకొని కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "ఇన్ని ఊళ్లున్నాయి కదా బేటా, ఇందులో తమ్ముడింట్లో నేను వంట చేసేది ఏ రోజు?" అని అడిగారు.

మా వద్ద సమాధానం లేదు. టోక్యోలో భారతీయ కుటుంబాలు అధికంగా నివసించే నిషి కసాయ్ ప్రాంతంలో మా తమ్ముడు నాలుగేళ్లుగా ఉంటున్నాడు. అమ్మీ ఆ ఇంటిని ఫోను తెర మీద తప్ప చూడలేదు. ప్రయాణానికి మూలకారణమే ఆ ఇల్లు. మా పట్టికలో మాత్రం దానికి దక్కింది ఒకే ఒక్క రాత్రి, అదీ పెట్టెలు దించుకోవడానికి! ఆ రోజే పాత కాగితాన్ని పక్కన పెట్టి మొదటినుంచి ఆలోచించడం ప్రారంభించాము. జపాన్ వెళ్లదలచిన కుటుంబాలకు, ముఖ్యంగా పెద్దలనూ పిల్లలనూ వెంటబెట్టుకొని వెళ్లేవారికి, ఆ అనుభవం ఉపయోగపడుతుందనే ఆశతో ఈ వివరాలు పంచుకుంటున్నాము.

ఏడు నగరాలు కాదు, రెండు బసలు

నగరం మారిన ప్రతిసారీ సగం రోజు ఖర్చవుతుంది. గది ఖాళీ చేయాలి, పెట్టెలు మోయాలి, స్టేషనులో దారి వెతుక్కోవాలి, కొత్త గది తాళం చేతికి వచ్చేదాకా వేచి ఉండాలి. జపాన్ స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. అయితే టోక్యో వంటి పెద్ద స్టేషన్లలో ఆ లిఫ్టు దాకా నడవడమే మోకాళ్ల నొప్పులున్నవారికి ఒక పరీక్ష. అందుకే క్యోటోలో ఐదు రాత్రులు, టోక్యోలో నాలుగు రాత్రులు అని నిర్ణయించుకున్నాము. మిగిలిన ఊళ్లను క్యోటో నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేలా చూసుకున్నాము. నిక్కో, కనజావాలను పూర్తిగా వదులుకున్నాము. ఒసాకాను రైలు కిటికీలోంచి చూడటంతో సరిపెట్టుకున్నాము.

వెళ్లిన విమానాశ్రయం నుంచే తిరిగి రావాలన్న నియమం కూడా పెట్టుకోలేదు. ఒసాకా సమీపంలోని కాన్సాయ్ విమానాశ్రయంలో దిగి, తిరుగు ప్రయాణం టోక్యో నుంచి పెట్టుకున్నాము. దీనివల్ల ఒకే దారిలో రెండుసార్లు ప్రయాణించే ఖర్చు తప్పింది. కాన్సాయ్ నుంచి క్యోటోకు హరుకా రైలులో సుమారు 80 నిమిషాలు. సోమవారం దిగితే శనివారం టోక్యో చేరతాము. తమ్ముడికి ఆఫీసు సెలవు ఉండేది శని, ఆదివారాలే కనుక పట్టిక మొత్తాన్ని ఆ రెండు రోజుల చుట్టూ అల్లుకున్నాము.

పాస్ కొనేముందు లెక్క వేయండి

"జపాన్ వెళుతున్నారా, రైలు పాస్ కొనండి" అని సలహా ఇవ్వనివారు లేరు. ఒకప్పుడు అది మంచి సలహాయే. అయితే ఏడు రోజుల సాధారణ జపాన్ రైల్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లకు పెరిగింది. క్యోటో నుంచి టోక్యోకు షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో ఒకవైపు ఛార్జీ సుమారు 14,000 యెన్లు. నారా, కోబేలకు వెళ్లివచ్చే ఖర్చు కలుపుకున్నా అమ్మీ ప్రయాణం మొత్తం 18,000 యెన్లు దాటలేదు. హిరోషిమాకు కూడా వెళ్లివచ్చిన పెద్దవారికి సైతం పాస్ కన్నా విడి టికెట్లే చవకయ్యాయి. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సగం ఛార్జీయే. మా ఏడేళ్ల అబ్బాయి ఆ విధంగా మా జేబును కాస్త కాపాడాడు.

పెట్టెల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెను ఈ మార్గంలోని షింకన్‌సెన్‌లో తీసుకువెళ్లాలంటే, దానికి చోటున్న సీటును ముందుగా రిజర్వు చేసుకోవాలి. మేము అంతకన్నా సులువైన మార్గం ఎంచుకున్నాము. పెట్టెలను ఇంటికి చేర్చే తక్యుబిన్ అనే సేవ అక్కడ ఎంతో నమ్మకమైనది. శుక్రవారం క్యోటో హోటల్లో పెట్టెలు అప్పగిస్తే శనివారం తమ్ముడి గుమ్మానికి చేరాయి. అమ్మీ చేతిలో తస్బీహ్, భుజాన చిన్న సంచి మాత్రమే మిగిలాయి.

వేళలు, నమాజు

జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. పట్టిక వేసేటప్పుడు మేము మొదట గమనించని విషయం ఒకటుంది: అక్కడ పొద్దు త్వరగా వాలుతుంది. దసరా సెలవుల్లో, అంటే అక్టోబరులో, సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. జుహ్ర్ వేళ గడియారం 12 కొట్టకముందే ప్రవేశిస్తుంది. పురాతన కట్టడాలు చాలావరకు సాయంత్రం 4, 5 గంటలకు మూసివేస్తారు. కనుక తెల్లవారి త్వరగా బయలుదేరి, మధ్యాహ్నం గదికి చేరి, నమాజు, భోజనం, విశ్రాంతి ముగించుకొని సాయంత్రం దగ్గరలోనే నడిచే పద్ధతి పెట్టుకున్నాము. అమ్మీ మోకాళ్లకూ అదే అనువైనది.

నరిటా, హనెడా, కాన్సాయ్ విమానాశ్రయాల్లో ప్రార్థనా గదులున్నాయి. పట్టణాల్లో మాత్రం ప్రతిచోటా దొరుకుతాయని ఆశించకూడదు. హోటల్ నుంచి వుజూతో బయలుదేరడం, ఒక చిన్న నీళ్ల సీసా, పలుచని జానమాజు వెంట ఉంచుకోవడం మేలు. బహిరంగ వాష్‌బేసిన్లలో కాళ్లు కడగడం అక్కడివారికి ఇబ్బందిగా తోస్తుంది. ఖిబ్లా టోక్యో నుంచి పశ్చిమ వాయవ్య దిశలో ఉంటుంది. ప్రయాణికులకు ధర్మం ఇచ్చిన సౌలభ్యాలు ఎంత గొప్ప కారుణ్యమో ఇటువంటి చోట్లనే అర్థమవుతుంది.

పళ్లెంలో ఏముంది?

జపాన్ వంటలో పంది మాంసం కంటికి కనిపించే రూపంలోనే ఉండదు. రామెన్ పులుసును పంది ఎముకలతో మరిగించడం సర్వసాధారణం. కూరలకు తీపినీ నిగారింపునూ ఇచ్చే మిరిన్, వంటలో పోసే సాకే రెండూ మద్యమే. చేపల కూర అని నమ్మి తినే పదార్థంలోనూ అవి ఉండవచ్చు. టోక్యో, క్యోటో, ఒసాకాలలో హలాల్ భోజనశాలలు ఉన్నాయి. అవి ఏయే వీధుల్లో ఉన్నాయో, ఏయే రోజుల్లో మూసి ఉంటాయో ముందుగానే రాసుకొని, ఆ రోజు చూడదలచిన స్థలాలను వాటికి దగ్గరలో ఉండేలా కలుపుకున్నాము. "పంది మాంసం, మద్యం కలవని ఆహారం కావాలి" అన్న వాక్యాన్ని తమ్ముడు జపనీస్ లిపిలో ఒక కాగితం మీద రాసి పంపాడు. ఆ కాగితం మాకు ఎంతో తోడ్పడింది. దానిని చూసిన ఒక దుకాణదారు తనకు సందేహం ఉన్న వంటకాన్ని తానే వద్దని వారించాడు.

ఇక్కడి నుంచి తీసుకువెళ్లే వస్తువుల విషయంలో అమ్మీకి ఒక నిరాశ తప్పలేదు. చిన్న కొడుక్కి ఇష్టమని మటన్ పచ్చడి పెట్టాలనుకున్నారు. తనిఖీ పత్రం లేని మాంసపు పదార్థం ఏదీ జపాన్‌లోకి అనుమతించరు, అది పచ్చడి అయినా సరే. వైద్యులు రాసిచ్చిన మందులను సొంత వాడకం కోసం ఒక నెలకు సరిపడా తీసుకువెళ్లవచ్చు. అయితే జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే అక్కడ నిషేధం. పెద్దల మందుల సంచిని బయలుదేరకముందే ఒకసారి వైద్యునికి చూపించుకోవాలి.

పాత రాజధానిలో ఐదు రోజులు

క్యోటో 794 నుంచి వెయ్యేళ్లకు పైగా జపాన్ రాజధాని. 1994లో ఈ ప్రాంతంలోని 17 చారిత్రక స్థలాలను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పదిహేడూ చూడాలనుకున్నవారు ఏదీ చూడలేరు. మేము మెట్లను బట్టి ఎంచుకున్నాము. కొండదారి ఎక్కవలసిన కియోమిజుదేరాను వదిలి, 1603లో టొకుగావా ఇయెయాసు నివాసంగా రూపుదిద్దుకున్న నిజో కోటకు వెళ్లాము. అక్కడి చెక్క నేల అడుగు వేసినప్పుడల్లా పిట్ట కూసినట్లు ధ్వనిస్తుంది. మా అబ్బాయి ఎంత మెల్లగా నడిచినా ఆ నేలను మోసగించలేకపోయాడు. దేవాలయాలూ మందిరాలూ ఉన్న నగరం కనుక పిల్లలకు ముందే చెప్పాము: కట్టడాన్ని, చరిత్రను చూడటం వేరు, అక్కడి ఆరాధనలో పాలుపంచుకోవడం వేరు. మౌనంగా, మర్యాదగా చూసి రావాలి.

బసకు సంప్రదాయ విడిది అయిన ర్యోకాన్ తీసుకోవాలని ముందు అనుకున్నాము. చాప నేల, నేలపై పరుపు చూడముచ్చటగా ఉంటాయి. కానీ నేలమీద పడుకొని లేవడం అమ్మీకి సాధ్యం కాదు. అక్కడి ఉమ్మడి స్నానశాలల్లో వస్త్రాలు లేకుండా దిగడం ఆనవాయితీ. అది మనకు కుదరదు. కొన్ని విడిదులు కుటుంబానికి విడిగా స్నానపు గది ఇస్తాయి, అడిగి తెలుసుకోవాలి. చివరికి మేము మామూలు మంచాలున్న హోటల్నే ఎంచుకున్నాము.

బుధవారం నారా. 710లో రాజధాని అయిన ఆ ఊరి ఉద్యానంలో వెయ్యికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. అమ్మీ బల్లమీద కూర్చుంటే చాలు, జింకలే ఆమె దగ్గరకు వచ్చాయి. పది రోజుల్లో ఆమె అడుగు వేయకుండా చూసిన వింత అదొక్కటే.

గురువారం గురించి ఇంట్లో వాదన జరిగింది. హిరోషిమా వదులుకోనని మా అమ్మాయి పట్టుబట్టింది. వెళ్లడానికి బుల్లెట్ రైలులో ఒకటిన్నర గంటకు పైనే, తిరిగి రావడానికి మళ్లీ అంతే. అమ్మీకి అది భారం. అప్పుడు తోచిన ఆలోచన చిన్నదే: అందరూ అన్నీ చూడనక్కర లేదు. మాలో ఒకరం అమ్మాయితో హిరోషిమా వెళ్లాము, మరొకరం అమ్మీతో, అబ్బాయితో కామో నది ఒడ్డున కూర్చున్నాము. అణుబాంబు వేయదగిన నగరాల జాబితాలో మొదట క్యోటో కూడా ఉండేదనీ, అమెరికా యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ దానిని తొలగించాడనీ అమ్మాయి చదివి ఉంది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు హిరోషిమా మీద బాంబు పడింది. ఆ ఏడాది చివరికి సుమారు 1,40,000 మంది మరణించారు. ఆ రాత్రి గదికి తిరిగి వచ్చిన అమ్మాయి అన్నం ముందు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "దాదీ, ఇవాళ మీరు కూర్చున్న ఆ ఒడ్డు కూడా మిగిలేది కాదు" అంది.

శుక్రవారాన్ని కోబేకు కేటాయించాము. క్యోటో నుంచి అదనపు రుసుము లేని వేగపు రైలులో సుమారు 50 నిమిషాలు. 1935లో ప్రారంభమైన అక్కడి మస్జిద్ జపాన్‌లో మొట్టమొదటిది. ఆ రేవు పట్టణంలో వ్యాపారం చేసుకున్న భారతీయ ముస్లిములు, రష్యా నుంచి వలస వచ్చిన తాతారులు చందాలు పోగుచేసి కట్టించారు. 1945 బాంబుదాడుల్లో చుట్టుపక్కల నగరం కాలిపోయినా అది నిలిచింది. 1995 జనవరి 17న ఆరు వేలమందికి పైగా బలిగొన్న భూకంపాన్నీ తట్టుకుంది. జుమా నమాజు అనంతరం అమ్మీ గోడను ఒకసారి అరచేతితో తాకి, "మనవాళ్లు ఇంత దూరం వచ్చి ఇల్లు కట్టుకునేముందు దీన్ని కట్టారన్నమాట" అన్నారు.

కొత్త రాజధానిలో ఒక ఆదివారం

శనివారం ఉదయం షింకన్‌సెన్. 1964లో మొదలైన ఈ మార్గంలో క్యోటో నుంచి టోక్యోకు రెండుంబావు గంటలు. టోక్యో వైపు వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ పక్కన, అంటే E వరుసలో కూర్చుంటే, ఆకాశం తేటగా ఉన్న రోజున ఫుజి పర్వతం కనిపిస్తుంది. మాకు మబ్బులే కనిపించాయి. పట్టికలో ఎంత జాగ్రత్తగా రాసుకున్నా మబ్బులు మన చేతిలో లేవు.

సోమ, మంగళవారాలు పిల్లలవి. 634 మీటర్ల స్కైట్రీ, షిబుయా కూడలి, అసకుసా పాత వీధులు, 2000లో ఉస్మానీ శైలిలో పునర్నిర్మించిన టోక్యో జామీ మస్జిద్. వాటి గురించి చదువుకోవడానికి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి.

ఆదివారం గడిలో మాత్రం మేము ఏ స్థలం పేరూ రాయలేదు. "ఇల్లు" అని ఒకే మాట రాశాము. ఆ ఉదయం తమ్ముడు అమ్మీని హలాల్ మాంసం అమ్మే దుకాణానికి తీసుకువెళ్లాడు. ఆమె ముక్కలు ఎలా కొట్టాలో చేత్తో సైగ చేసి చూపితే, దుకాణదారు తలాడించి అలాగే కొట్టి ఇచ్చాడట. చేయి చాచితే రెండు గోడలూ అందే ఆ చిన్న వంటగదిలో ఆమె కుర్చీ వేసుకొని కూర్చొని వండారు. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నం నాలుగేళ్ల తరువాత అమ్మ చేతి వంట తింటూ తమ్ముడు తలెత్తలేదు. మూడోసారి వడ్డించుకున్నప్పుడు అమ్మీ మావైపు చూసి, "ఇక మీరు ఎక్కడికి తీసుకెళ్లినా వస్తాను బేటా" అన్నారు.

మీ పట్టిక వేసేముందు ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచేవారిని పిలిచి, వారికి ఏం కావాలో అడగండి. ఆ గడిని మొదట నింపి, మిగిలినవి దాని చుట్టూ నింపుకోండి.