వాస్తవికతా రూపచిత్రం: 'మిస్ అమీలియా వాన్ బ్యూరెన్'

వాస్తవికత అంటే 'ఉన్నది ఉన్నట్లు చిత్రించడం' అని చాలామంది విద్యార్థులు నిర్వచనం రాస్తారు. మరి ఒక మనిషిలో 'ఉన్నది' ఏమిటి? అమెరికన్ చిత్రకారుడు థామస్ ఈకిన్స్ (1844–1916) సుమారు 1891లో వేసిన ఈ తైలవర్ణ చిత్రం ఆధారంగా ఆ విషయాన్ని పరిశీలిద్దాం. చిత్రం ప్రస్తుతం వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లో ఉంది.

నేపథ్యం

ఈకిన్స్ ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా లలితకళల అకాడమీలో బోధించాడు. శరీర నిర్మాణం తెలియనిదే మనిషిని చిత్రించలేమని ఆయన నమ్మకం. విద్యార్థినులున్న తరగతిలో పురుష మోడల్ గోచీని తొలగించినందుకు 1886లో ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది. అమీలియా ఆయన వద్ద చదువుకున్న చిత్రకారిణి. తరువాత ఛాయాగ్రహణం వైపు మళ్లింది.

పరిశీలన

చిత్రంలో ఆమె చెక్కడపు పనితనమున్న పెద్ద కుర్చీలో కూర్చుని ఉంది. ఇది ఈకిన్స్ స్టూడియోలోనిదే. ఆయన ఇతర చిత్రాల్లోనూ కనిపిస్తుంది. ఆమె గులాబీరంగు దుస్తులు ధరించింది. ఒడిలో విసనకర్ర ఉంది. తల చేతికి ఆనించి, మన వైపు కాక పక్కకు చూస్తోంది. వెనుక దృశ్యమేమీ లేదు. అందువల్ల మన చూపు ముఖం మీద, చేతుల మీద నిలుస్తుంది.

ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించండి. దుస్తులు, విసనకర్ర నలుగురిలో కనిపించడానికి ఉద్దేశించినవి. ఆమె కూర్చున్న తీరు మాత్రం ఎవరూ చూడనప్పటిది. కుర్చీ నిటారుగా ఉంది. శరీరం ఒరిగి ఉంది. తల బరువు చేతి మీద, శరీరం బరువు కుర్చీ మీద ఆనినట్లు మనకు తెలుస్తుంది. శరీర శాస్త్ర అధ్యయనం ఉపయోగపడింది ఇక్కడే.

వ్యాఖ్యానం

ఆమె విచారంగా ఉందా, అలసిపోయిందా, ఆలోచిస్తోందా? చిత్రం ఏదీ తేల్చి చెప్పదు. 'తల చేతికి ఆనింది' అన్నది పరిశీలన. 'విచారంగా ఉంది' అన్నది ఊహ. సమాధానం రాసేటప్పుడు ఈ రెండింటినీ కలపకండి.

ఆనాటి రూపచిత్రాలు సాధారణంగా స్త్రీ అందాన్ని, కుటుంబ హోదాను ప్రదర్శించేవి. ఈకిన్స్ ముఖాన్ని మెరుగుదిద్దలేదు. అందుకే ఆయన వేసిన రూపచిత్రాలు కొందరికి నచ్చలేదు. అయితే ఈ చిత్రంలో స్త్రీ చూడదగిన వస్తువుగా కాక, తనదైన అంతరంగమున్న వ్యక్తిగా నిలిచింది. వాస్తవికత సాధించినది పోలికను మించిన ఈ గౌరవాన్ని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చిత్రంలో కుర్చీ పాత్ర ఏమిటి?
2. మీ ఇంట్లోని పాత స్టూడియో ఫోటో ఒకటి తీసుకుని, కనిపించేవి, మీరు ఊహించేవి వేరువేరుగా రాయండి.