చామనచాయకు, నలుపుకు నప్పే రంగులు

పెళ్ళిళ్ళ నెలలు వచ్చాయంటే మా చర్మవ్యాధుల ఓ.పి.కి పెళ్ళికూతుళ్ళు రావడం మొదలవుతుంది. ముఖం ఎర్రగా కంది, సన్నని నరాలు పైకి తేలి, చిన్న చిన్న మొటిమలు లేచి ఉంటాయి. వారంలో పెళ్ళి. "ఏం రాశావమ్మా?" అంటే "ఏమీ రాయలేదండి" అంటారు. కాసేపటికి తల్లి సంచిలోంచి ఒక ట్యూబు తీస్తుంది. తెల్లబడడానికట.

అలాంటి ట్యూబుల్లో తరచుగా కనిపించేవి బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టీరాయిడ్ మందులు. ఎగ్జిమా లాంటి జబ్బులకు డాక్టరుగారు కొద్దిరోజులకని రాసే మందులివి. కొత్తలో రంగు వచ్చినట్లే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మానితే మంట. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టీరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలని చెప్పింది. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా ఉండవచ్చు, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఉన్న రంగును పోగొట్టుకోవడం కాదు, దానికి నప్పేవి ఎంచుకోవడం తెలియాలి. సూపరింటెండెంటమ్మకు లిప్‌స్టిక్ ఊసెందుకని నవ్వుకోకండి. మా నర్సింగ్ విద్యార్థినుల దీపాల వేడుక ఫొటోలు ఏటా చూస్తాం. ముఖాలు బూడిద పూసినట్లు, మెడలు ఇంకో రంగులో! పౌడర్లలో ఉండే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ తెల్లని పొడులు. నల్లని చర్మం మీద అవి బూడిదరంగుగా తేలుతాయి, ఫ్లాష్ పడితే మరీను. తెలుపు పౌడరు మాని, పసుపు లేక గోధుమ ఛాయ ఉన్నది పలచగా అద్దితే చాలు.

ఫౌండేషన్‌ను చేతి వెనుక రాసి చూడకండి. దవడ అంచున రాసి, షాపు దీపాల కింద కాక బయట ఎండవెలుగులో చూడండి. పది నిమిషాలు ఆగండి, కొన్నింటి రంగు ఆరాక ముదురుతుంది. మెడతో కలిసిపోయి కనబడకుండా ఉన్నదే మీది. మన సంఘాల్లో పెళ్ళికూతుళ్ళు తెల్లచీర కడతారు కనుక ఇంకొంచెం జాగ్రత్త కావాలి. తెలుపు పక్కన, ముఖానికీ మెడకూ ఉన్న తేడా దాగదు.

ఇదివరకు ముదురు ఛాయలు దొరకడమే కష్టం. 2017లో గాయని రిహానా ఫెంటీ బ్యూటీ పేరుతో 40 ఛాయల ఫౌండేషన్ తెచ్చాక మిగతా కంపెనీలూ కదిలాయి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కాస్తా గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్ళిచూపుల మాటల్లోంచి మాత్రం ఆ మొదటి మాట ఇంకా పోలేదు.

పెదవులకు మెరూన్, ఇటుకరంగు, నేరేడుపండు రంగు, కాఫీరంగు బాగుంటాయి. పాలిపోయిన గులాబీ నప్పదు, పెదవులు ఎండినట్లు కనిపిస్తాయి. అదే ఇష్టమైతే అంచున గోధుమరంగు పెన్సిల్ గీయండి. కనురెప్పల మీద రాగి, బంగారు రంగులు మెరుస్తాయి. బుగ్గలకు ముదురు నారింజ గానీ ఎర్రద్రాక్ష రంగు గానీ మంచిది.

బొట్టుబిళ్ళ పెట్టేచోట దురద గానీ తెల్లమచ్చ గానీ కనిపిస్తే వెంటనే మానండి. కొన్నింటి జిగురులోని రసాయనం చర్మపు రంగును చంపేస్తుంది. ఆపరేషన్ రోజున మాత్రం లిప్‌స్టిక్, గోళ్ళరంగు తీసేసి రండి. మీ పెదవులు, గోళ్ళు నీలంగా మారుతున్నాయేమో మేము చూడాలి.

కొత్తది ఏది కొన్నా మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూశాకే ముఖానికి రాయండి. ఇప్పటికే తెల్లబరిచే ట్యూబు వాడుతున్నవారు దాన్ని దాచకుండా తీసుకురండి, ఎలా మానాలో డాక్టరుగారు చెబుతారు. పెళ్ళికి వారం ముందు కాదు, రెండు మూడు నెలల ముందే రండి.