తామరాకు నేర్చిన ఇటుక

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురు వచ్చినప్పుడు 165. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగిన ఆ రోజు ఎలాంటిదో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. అంత నష్టం పక్కన ఇది చాలా చిన్న సంగతి. ఆ రాత్రి కాశీబుగ్గలో మా కారు షెడ్డు గోడ, సముద్రం వైపుది, లోపలికి నీరు కార్చింది. పైకప్పు గట్టిగానే ఉంది. గోడలో కంటికి ఆనే పగులు లేదు. గోడే చెమర్చి, చెమట ధారలు కట్టి, నేల మీద మడుగైంది.

వారం తిరక్కుండా ఎవరో చెప్పారని లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాం. సంక్రాంతి నాటికి అది పొక్కులెక్కి పెచ్చులుగా రాలింది. వెనక తెల్లని ఉప్పు పొడి. తాపీ కొసతో దాన్ని గీకుతూ మా మేస్త్రీ అన్నాడు: "గోడ అవతల తాగతంది మాస్టారూ. ఇవతల మూత పెడితే ఏటౌద్ది?" ఇటుక గోడకూ నీటికీ మూడు వందల ఏళ్లుగా సాగుతున్న శాస్త్రచర్చ సారం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇటుక తాగుతుంది. మామూలు ఇటుకను ఒక పగలూ రాత్రీ నీటిలో ముంచి తీస్తే తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చుకోవచ్చని మన భారతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడు కిలోల ఇటుకకు అది 600 గ్రాములు, అంటే రెండు పెద్ద గ్లాసుల కంటే ఎక్కువ. మట్టి కాలినప్పుడు లోపల మిగిలే సన్నని గొట్టాల అల్లిక దీనికి కారణం. దీపపు వత్తి నూనెను ఎలా పైకి లాగుతుందో, ఈ గొట్టాలు నీటిని అలా లాగుతాయి. ఎంత ఎత్తుకు లాగుతాయో 1718లో జేమ్స్ జూరిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లెక్క తేల్చాడు. గొట్టం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తు ఎక్కుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న గాజు గొట్టంలో ఒకటిన్నర సెంటీమీటర్లు. అందులో నూరోవంతు సన్నందైతే ఒకటిన్నర మీటర్లు. ఇటుకలో గొట్టాలు ఇంకా సన్నం. అయినా చెమ్మ గోడ కొస దాకా పోదు. ఎండా గాలీ పక్కనుంచి ఆరబెడుతుంటాయి గనుక మోకాలెత్తులోనో నడుమెత్తులోనో ఆగి, అక్కడ ఉప్పు గీత గీస్తుంది.

పలాస ఉన్న మా జిల్లాకు ఇటుక కొత్త కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధుల ఇటుక కట్టడాలు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. ఇటుకను ఇటుకతో కలిపే పదార్థమే పదే పదే మారుతూ వచ్చింది. మన తీరంలో అది గుల్ల సున్నం. సముద్రపు గుల్లలను కాల్చి, నీటితో చల్లార్చి, ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసేవారు. సున్నం మెత్తనిది, నిదానంగా గట్టిపడుతుంది. గోడ కాస్త కదిలి సన్నని చీలిక వస్తే, వాన నీటిలో కొద్దిగా కరిగి అదే చీలికలో మళ్లీ పేరుకుని దాన్ని పూడుస్తుంది. కానీ నీళ్లలో అది గట్టిపడదు. ఆ లోటు తీర్చడానికి మన పెద్దలు ఇటుక పొడిని, అంటే సుర్కీని కలిపారు. రోమన్లు అగ్నిపర్వతపు బూడిద కలిపారు. రెండు చోట్లా జరిగింది ఒకటే: కాలిన మట్టిలోనో బూడిదలోనో ఉన్న సిలికా సున్నంతో కలిసి నీటికి కరగని రాయి కట్టింది. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సంలతో బట్టీ లేకుండా ఇటుక చేసి చూపిన పద్ధతి కూడా ఈ చుట్టరికంలోదే.

1756లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు సముద్రం మధ్యలో ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టాల్సి వచ్చింది. అలల్లో గట్టిపడే సున్నం కోసం వెతికి, బంకమట్టి కలిసిన సున్నపురాయి కాలిస్తే అలాంటిది వస్తుందని కనిపెట్టాడు. ఆ దారిలోనే 1824లో లీడ్స్ నగరపు తాపీ పనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1904లో మద్రాసులో సముద్రపు గుల్లలతో సిమెంటు చేయబోయి నిలదొక్కుకోలేకపోయారు. 1914 నుంచి పోరుబందరు సిమెంటు వచ్చింది. ఆ తరవాత గానుగలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నా దృష్టిలో మన గోడల కష్టాల్లో సగం అక్కడే మొదలయ్యాయి. సిమెంటు గొప్ప వస్తువే, సందేహం లేదు. అయితే బలం ఎంత పెరిగితే గోడ అంత బాగుంటుందన్న నమ్మకం వెంటబడి వచ్చింది. సిమెంటు ఎక్కువ పోసిన మాలు ఆరేటప్పుడు కుంచించుకుని ఇటుక అంచు దగ్గర వెంట్రుకంత సందు విడుస్తుంది. షెడ్డు గోడ నాలుగున్నర అంగుళాలది. ఒక ఇటుక వెడల్పే దాని మందం. ఆ సందు ఈ మొగం నుంచి ఆ మొగానికి నేరుగా బాట.

ఇక అసలు మలుపు. చెమ్మ ఆపాలంటే రంధ్రం మూయాలని అంతవరకూ అందరూ అనుకున్నారు. తారు పూశారు, రంగు పూశారు. మూసిన గోడలో చిక్కిన నీరు బయటికి ఆరలేక పూతనే తన్ని ఊడగొడుతుంది. మా గోడకు జరిగింది అదే. జూరిన్ సూత్రంలోనే ఇంకో దారి ఉంది. నీరు పైకెక్కేది గొట్టపు గోడ నీటికి ఇష్టమైనది కాబట్టి. గోడ నీటిని వద్దంటే లెక్కలో గుర్తు తిరగబడుతుంది. అప్పుడు అదే గొట్టం నీటిని బయటికి నెడుతుంది. తామరాకు మీద నీటిబొట్టు అంటకుండా ముత్యంలా దొర్లడానికీ మూలం ఈ వద్దనడమే.

ఇటుక గొట్టాలకు ఆ గుణం నేర్పింది సిలికోన్ జాతి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశకాల్లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో ఫ్రెడరిక్ కిప్పింగ్ వీటి మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. వీటితో పెద్ద ప్రయోజనం ఉంటుందని ఆయనకే ఆశ లేకపోయింది. 1940లో అమెరికాలో యూజీన్ రోకో వీటిని చవగ్గా తయారుచేసే మార్గం కనిపెట్టాక పరిశ్రమ పుట్టింది. ఇప్పుడు గోడకు కొట్టే, ఈ జాతికే చెందిన సైలేన్ ద్రవం ఇటుకలోకి ఇంకి, గొట్టపు లోపలి మొగానికి రసాయనంగా అతుక్కుని, నీటికి పడని తోకలను బయటికి చాచి నిలబడుతుంది. రంధ్రం తెరిచే ఉంటుంది. నీటిబొట్టు లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది.

మరి తిత్లీ లాంటి గాలిని ఇది ఆపుతుందా? లెక్క వేసి చూశాను. గంటకు 150 కిలోమీటర్ల గాలి గోడను నెట్టే ఒత్తిడి పది సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. ఐదు మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న సైలేన్ పూసిన గొట్టం దాదాపు తొంభై సెంటీమీటర్ల మట్టాన్ని తట్టుకోగలదు. కానీ మిల్లీమీటరులో మూడో వంతు సందు ఉంటే తట్టుకునేది సెంటీమీటరున్నర లోపే. అంటే ఇటుకను ఈ ద్రవం కాపాడుతుంది, మాలు సందును కాపాడలేదు. సందులు పూడ్చకుండా ద్రవం కొట్టించడం చిల్లు గొడుగుకు మెరుగు పెట్టడమే.

మా మేస్త్రీ ఈ లెక్కలేవీ అడగలేదు గానీ పని ఇదే వరసలో చేశాడు. ముందు చూరు నీరు గోడ మొదట్లో పడకుండా గొట్టం దూరంగా తిప్పాడు. బయట పేరుకున్న ఇసుక షెడ్డు నేలకంటే ఎత్తైంది, దాన్ని తవ్వి దించాడు. ఇటుకల మధ్య పాత మాలు ముప్పావు అంగుళం లోతు గీకి, ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుకతో కొత్త మాలు కూరి, వారం రోజులు తడిపాడు. ఏటి ఇసుకే తెప్పించాడు. సముద్రపు ఇసుకలో ఉప్పు గాలిలోని చెమ్మను పిలుస్తుంది, గోడ ఎప్పటికీ ఆరదు. తరవాత వేసవి అంతా ఎండనిచ్చి, అప్పుడు బయటివైపు మాత్రమే సైలేన్ రెండు చేతులు కొట్టాడు.

కొత్తగా కట్టేవారికి టెక్కలి గ్రానైట్ ఒక వరం. గ్రానైట్ నీరు పీల్చడం ఒక శాతంలోపే. పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలే పలక ముక్కలను పునాది మీద, మొదటి ఇటుక వరస కింద సందు లేకుండా పరిస్తే నేల చెమ్మకు ఎక్కే దారి తెగిపోతుంది. ఇంగ్లండులో వందేళ్ల క్రితం స్లేటు పలకలతో చేసింది ఇదే.

పలాసకూ ఈ కథలో వాటా ఉంది. జీడి పిక్క పెంకులో నూనె ఉంటుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు కాల్చేది ఆ నూనే. దాన్ని వేడిచేసి శుద్ధి చేస్తే కార్డనాల్ వస్తుంది. పదిహేను కర్బన పరమాణువుల తోక దానికి నీటిని తోసే గుణాన్నిస్తుంది. దాని నుంచి చేసే గట్టిపరిచే పదార్థాలతో ఎపాక్సీ పూత తడి ఉపరితలం మీద కూడా పట్టుకుంటుంది, అందుకే ఓడలకూ రేవు కట్టడాలకూ వాడతారు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవు కడుతున్న ఈ రోజుల్లో మన పెంకును పొయ్యిలో పెట్టి సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మీ గోడ చెమ్మగా ఉంటే రంగు డబ్బా కొనేముందు ఒక పని చేయండి. లోపలివైపు మూరెడు పాలిథిన్ కాగితం నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. నీటిచుక్కలు కాగితం వెనక, గోడ వైపు పడితే గోడ తాగుతోందని, ముందు వైపు పడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం. గోడ తాగుతోంటే మేస్త్రీని చైత్రంలో పిలవండి. ఆశ్వయుజం దాకా ఆగకండి.